పొలం ప్రశ్నలు, బడి బహుమతులు

బళ్ళు తెరిచారు. డిసెంబరు సైన్స్ ఫెయిర్‌కి ఏం చేయాలన్న ఉత్తరాలు అప్పుడే మొదలయ్యాయి. వాటిలో వ్యవసాయ ప్రయోగాల మీద బెంగళూరు పాఠకులు అడిగినవి ఏరి, ఈ నెల జవాబులిస్తున్నాం.

మా అమ్మాయి 8వ తరగతి. ఊళ్ళో వాళ్ళ తాతగారు పొలానికి జీవామృతం (పేడ, ఆవు మూత్రం, బెల్లం కలిపి పులియబెట్టిన ద్రవం) వాడతారు. అది నిజంగా పనిచేస్తుందా అని బాల్కనీలో చూస్తానంటోంది. రెండు కుండీలు తెచ్చాం, ఒకదానికి జీవామృతం, ఒకదానికి నీళ్ళు. సరిపోతుందా? (ఒక తల్లి, మారతహళ్ళి)

సరిపోదండీ. ఒకే మన్ను, ఒకే విత్తనం, ఒకే నీళ్ళు వాడినా రెండు కుండీల్లో మొక్కలు ఒకేలా పెరగవు. ఒకటి ఏపుగా పెరిగితే అది జీవామృతం వల్లా, దాని మీద గంటసేపు ఎక్కువ ఎండ పడడం వల్లా అన్నది చెప్పలేం. ఒక్కో రకానికి కనీసం 8 కుండీలు పెట్టండి.

రకాలు మూడు. మొదటిది ఉత్త నీళ్ళు. రెండోది జీవామృతం. మూడోది మరిగించి చల్లార్చిన జీవామృతం. అసలు మెలిక ఈ మూడోదానిలోనే ఉంది. జీవామృతంలో పనిచేసేది సూక్ష్మజీవులేనని కదా చెబుతారు. మరిగిస్తే గట్టి బీజాంశాలు కొన్ని మిగిలినా చాలావరకు చచ్చిపోతాయి, బెల్లం, పిండి, పేడలోని పోషకాలు మాత్రం ఉంటాయి. మామూలుదీ మరిగించినదీ ఒకేలా పనిచేస్తే ఆ ఫలితం పోషకాలది. మామూలుది ముందుండి, మరిగించినది నీళ్ళతో సమానంగా ఉంటే సూక్ష్మజీవుల మాట నిలబడుతుంది. ఈ ఒక్క వరుస కలిపితే బొమ్మలా ఉన్న ప్రాజెక్టు పరిశోధన అవుతుంది.

ఇక మోతాదు. ఎక్కువమంది పిల్లలు ఇక్కడే తప్పుతారు. ఎకరానికి 200 లీటర్లు అన్నది అందరికీ తెలిసిన లెక్క: 10 కిలోల పేడ, 10 లీటర్ల ఆవు మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పు పిండి, గుప్పెడు గట్టు మన్ను, మిగతాది నీళ్ళు. ఎకరం అంటే సుమారు 4,047 చదరపు మీటర్లు. అంటే చదరపు మీటరుకు 50 మి.లీ. పది అంగుళాల కుండీ మూతి వైశాల్యం చదరపు మీటరులో ఇరవయ్యో వంతు, కాబట్టి ఆ కుండీకి వచ్చేది రెండున్నర మి.లీ. మాత్రమే! ఒక చిన్న చెంచాలో సగం. చెంబుతో అర లీటరు పోస్తే రైతు వేసేదానికి 200 రెట్లు పోసినట్టు. అంత బెల్లం, పిండి ఒక్కసారి మన్నులో పులిస్తే వేళ్ళకు గాలి ఆడదు, మొక్క పసుపు తిరుగుతుంది, అమ్మాయేమో జీవామృతం మంచిది కాదని రాసుకుంటుంది. సూది లేని సిరంజితో రెండున్నర మి.లీ. కొలిచి 100 మి.లీ. నీళ్ళలో కలిపి పోయమనండి. నీళ్ళ వరుసకూ ఆ పూట సరిగ్గా 100 మి.లీ. నీళ్ళే.

ఇంత కొద్దిగా కావాలి గనక ఒక లీటరు తయారుచేసుకుంటే బోలెడు: 50 గ్రాముల పేడ, 50 మి.లీ. మూత్రం, 10 గ్రాముల బెల్లం, 10 గ్రాముల శనగపిండి, చిటికెడు మన్ను, మొత్తం లీటరు అయ్యేదాకా నీళ్ళు. కావేరి కుళాయి నీళ్ళలో క్లోరిన్ ఉంటుంది, బకెట్లో పట్టి ఒక రాత్రి మూత లేకుండా ఉంచి వాడండి. పైన గుడ్డ కట్టి, నీడలో 48 గంటలు ఉంచి, రోజుకు రెండుసార్లు కలపాలి. సీసాలో పోసి బిరడా బిగిస్తే గ్యాస్ పట్టి పొంగుతుంది. తర్వాత వడగట్టి, 100 మి.లీ. వేరే తీసి ఆరుబయట పాత గిన్నెలో 20 నిమిషాలు మరిగించండి. ఆవిరైపోయిన మేరకు కాచిన నీళ్ళు కలిపి మళ్ళీ 100 మి.లీ.కి తేవాలి, లేకపోతే అది చిక్కబడి మోతాదు పెరుగుతుంది. ప్రతిసారీ తాజాగా చేసుకోవాలి. వారం దాటినది వద్దు.

పంట ఏది? మెంతి త్వరగా వస్తుంది కాబట్టి అందరూ దాని మీదే పడతారు. కానీ మెంతి పప్పుజాతి మొక్క, వేళ్ళ బుడిపెల్లోని బ్యాక్టీరియా సొంతంగా నత్రజని అందిస్తుంది. అది మన లెక్కను చెడగొడుతుంది. ముల్లంగి వేయండి. దాదాపు 45 రోజుల్లో చేతికొస్తుంది, గడ్డను తూచవచ్చు. కుండీకి 8 గింజలు వేసి, పదో రోజున మూడు మొక్కలు ఉంచి మిగతావి పీకేయాలి. జీవామృతం పోయడం 15వ రోజు, 30వ రోజు.

24 కుండీలకు సరిపడా మన్ను ఒకే కుప్పగా పోసి, తిరగేసి కలిపాకే నింపండి. ఎర్రమన్ను రెండు పాళ్ళు, ఇసుక ఒక పాలు, పశువుల ఎరువు అర పాలు. ఎరువు ఇంతకు మించితే అన్ని కుండీలూ బాగా పెరిగి తేడా కనపడదు. నర్సరీ సంచుల మన్ను ఒక్కో సంచిలో ఒక్కోలా ఉంటుంది కాబట్టి సంచికో కుండీ నింపితే మొదటికే మోసం.

కుండీలు ఎక్కడ పెట్టాలన్నది చివరి మాట, చిన్న మాట కాదు. అపార్ట్‌మెంట్ బాల్కనీలో కటకటాల పక్కన ఎండ ఎక్కువ, గోడ పక్కన తక్కువ. జీవామృతం కుండీలన్నీ ముందు వరుసలో పెడితే గెలిచేది ఎండే. మూడు రకాల నుంచి ఒక్కోటి తీసుకుని మూడు కుండీల జట్టు చేయండి. అలాంటి జట్లు ఎనిమిది. ఒక్కో జట్టు ఒక్కో చోట. జట్టులో ఏది ఎడమ, ఏది కుడి అన్నది చీట్లు వేసి తేల్చాలి. ఇంగ్లండులోని రోతమ్‌స్టెడ్ వ్యవసాయ కేంద్రంలో 1919లో చేరిన ఆర్.ఎ. ఫిషర్ పొలం ప్రయోగాలకు ఏర్పరిచిన పద్ధతి ఇదే, ఇవాళ మన బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం (జీకేవీకే) పొలాల్లోనూ ఇలాగే మళ్ళు వేస్తారు. మీ అమ్మాయి చీట్లు తీసిన రోజు, వచ్చిన వరుస నోటు పుస్తకంలో రాసిపెట్టుకోవాలి.

ఆగస్టులో ఒక విడత వేస్తే సెప్టెంబరు చివరికి, దసరా సెలవులకు ముందే పూర్తవుతుంది. సెలవుల తర్వాత రెండో విడత వేస్తే నవంబరు ఆఖరుకి వస్తుంది. రెండు విడతల్లోనూ ఒకే ఫలితం వస్తే న్యాయనిర్ణేత ముందు ఇక భయం లేదు. సెలవుల మధ్యలో విడత వేసి ఊరెళితే తిరిగొచ్చేసరికి ఎండిన కాడలుంటాయి.

నేను 6వ తరగతి. మా ఇంటికి బాల్కనీ లేదు. మొక్కల ప్రయోగం చేయొచ్చా? (ఒక విద్యార్థి, యలహంక)

చక్కగా చేయొచ్చు నాన్నా. మొలకలకు ఎండ అక్కర్లేదు. ఉప్పు నీళ్ళలో రాగులు ఎంత మొలుస్తాయో చూడు. బోరు నీళ్ళు ఉప్పగా ఉన్న చోట రైతులకు ఇది రోజూ ఎదురయ్యే ప్రశ్న.

మూడు సీసాలు తీసుకో. ఒకదానిలో మామూలు నీళ్ళు, ఒకదానిలో లీటరుకు 3 గ్రాముల ఉప్పు, ఇంకోదానిలో 6 గ్రాములు. ఒక్కో నీటికి 100 గింజలు, 25 చొప్పున నాలుగు మూత డబ్బాల్లో, ఆ నీటితోనే తడిపిన టిష్యూ కాగితం మీద పరుచు. మొత్తం 12 డబ్బాలు, 300 గింజలు. మూత పెట్టడం మరిచిపోకు. నీరు ఆవిరైతే ఉప్పు అక్కడే మిగిలి రోజురోజుకీ చిక్కనవుతుంది.

వేరు 2 మిల్లీమీటర్లు బయటికి వస్తే మొలిచినట్టు అని మొదటిరోజే రాసిపెట్టుకో. లేకపోతే సోమవారం ఒకలా, గురువారం ఇంకోలా లెక్కపెడతావు. రోజూ ఒకే వేళకు, ఎనిమిదో రోజు దాకా లెక్కపెట్టు. మన దేశంలో ధ్రువీకరించిన రాగి విత్తనం నూటికి కనీసం 75 మొలవాలి. మామూలు నీళ్ళలోనే 50 మొలిస్తే నీ గింజలు పాతవి, మార్చు. కిరాణా కొట్టు రాగులకు ఇలా అవుతుంటుంది.

విత్తనాల కొట్టులో కొన్న గింజలు గులాబీ రంగులో ఉంటే వాటికి మందు పట్టించారని అర్థం. చేతితో తాకి నోట్లో పెట్టుకోకు, ఈ ప్రయోగానికి అవి వద్దు.

మా జట్టు ఆర్డుయినోతో (ప్రోగ్రాము రాసి నడిపే చిన్న ఎలక్ట్రానిక్ బోర్డు) ఆటోమేటిక్ నీటి తడి మోడల్ చేసింది. పోయినేడు జడ్జీ "ఇది పదో మోడల్" అని వెళ్ళిపోయారు. ఈసారి ఎలా గెలవాలి? (9వ తరగతి విద్యార్థులు, కేఆర్ పురం)

మోటారు తిరుగుతుందని చూపించడం ఆపేయండి. "రోజూ పోసే నీళ్ళతో పోలిస్తే సెన్సర్ చెప్పినప్పుడే పోస్తే ఎన్ని లీటర్లు ఆదా అయ్యాయి, దిగుబడి తగ్గిందా?" అని అడగండి. అదే పరికరం, ప్రశ్న కొత్తది. ఆరు కుండీలకు సెన్సర్ లెక్కన, ఆరు కుండీలకు అలవాటు లెక్కన నీళ్ళు పోసి, పోసినదంతా కొలిచి రాయండి.

ముందు సెన్సర్ మార్చండి. ఫోర్కులా రెండు ముళ్ళుండే చవక సెన్సర్‌లో మన్ను గుండా కరెంటు పోతుంది, కొద్ది వారాల్లో ఒక ముల్లు పూత కరిగిపోతుంది, రీడింగు పక్కకు జరుగుతుంది. ఫెయిర్ నాటికి మోడల్ పనిచేయకపోవడానికి చాలాసార్లు ఇదే కారణం. మన్ను గుండా కరెంటు పంపకుండానే తడి కొలిచే కెపాసిటివ్ సెన్సర్ కొనండి. తడి పెరిగేకొద్దీ దీని సంఖ్య తగ్గుతుందని గుర్తుంచుకోండి, ప్రోగ్రాములో గుర్తు తిరగేసి రాసి మడిని ముంచినవాళ్ళు ఉన్నారు. చవక సెన్సర్ తప్పదనుకుంటే రీడింగు తీసే ఆ క్షణానికే దానికి కరెంటివ్వండి.

తర్వాత కొలత సరిచూడాలి. మన్ను పరిచి నాలుగు రోజులు గట్టి ఎండలో ఆరబెట్టి, ఐదు డబ్బాల్లో కిలో చొప్పున తూచి పోయండి. వాటిలో వరుసగా 0, 50, 100, 150, 200 గ్రాముల నీళ్ళు కలిపి, పూట ఆగి, ఒకే లోతులో సెన్సర్ గుచ్చి సంఖ్యలు రాయండి. గ్రాఫు గీస్తే, మీ తోటలోని ఎర్రమన్నులో 430 అంటే ఎంత తడి అన్నది తెలుస్తుంది. వేరే మన్నుకు ఈ గీత చెల్లదు. బోర్డు కాలు నుంచి నేరుగా పంపు నడపకండి, అది అంత కరెంటు ఇవ్వలేదు, బోర్డు మాటిమాటికీ ఆగి మొదలవుతుంది. రిలే (బోర్డు ఆజ్ఞతో పనిచేసే స్విచ్చు) పెట్టి పంపుకు వేరే సరఫరా ఇవ్వండి.

టమాటా ఆకు మచ్చల నుంచి బూజు తీసి ఇంట్లో పెంచి, దాని మీద వేపనూనె పరీక్షిస్తానని ఒక విద్యార్థి అంటున్నాడు. ప్రోత్సహించమంటారా? (ఒక ఉపాధ్యాయిని, ఎలక్ట్రానిక్ సిటీ)

ఇంట్లో వద్దు. ఏ క్రిమో తెలియనిదాన్ని పెంచడం ప్రమాదం. పైగా ఐసెఫ్ లాంటి అంతర్జాతీయ ఫెయిర్లలో ఇంట్లో సూక్ష్మజీవులను పెంచిన ప్రాజెక్టును నిబంధనల ప్రకారమే తీసుకోరు. పిల్లవాడి ప్రశ్న మాత్రం మంచిది, దాన్ని మొక్క మీదే అడగమనండి. మచ్చలు సహజంగా వచ్చిన టమాటా మొక్కల్లో కొన్నింటికి నీళ్ళు, కొన్నింటికి లీటరుకు 5 మి.లీ. వేపనూనె, కొన్నింటికి సబ్బు నీళ్ళు మాత్రమే చల్లాలి. వేపనూనె నీళ్ళలో కలవాలంటే సబ్బు వేయాలి, ఆ సబ్బు పని వేరుగా తెలియాలి కదా. గుర్తు కట్టిన ఆకులనే ఐదు రోజులకోసారి గళ్ళ కాగితం పక్కన పెట్టి ఫోటో తీసి, మచ్చ ఎన్ని గళ్ళు ఆక్రమించిందో లెక్కపెట్టాలి. చల్లడం సాయంత్రం పూటే, మిట్టమధ్యాహ్నం నూనె చల్లితే ఆకులు మాడతాయి.

మా తెలుగు సంఘం తరఫున మా కాలనీ బడి సైన్స్ ఫెయిర్‌లో ఉత్తమ వ్యవసాయ ప్రాజెక్టుకు 25,000 రూపాయల బహుమతి పెట్టాలనుకుంటున్నాం. సలహా ఇవ్వండి. (సంఘం కార్యదర్శి, రామమూర్తి నగర్)

ముందుగా మీకు నమస్కారం. అంత డబ్బు రోబోలకు పెట్టేవారు దొరుకుతారు, ముల్లంగికి పెట్టేవారు అరుదు. ఒక్క విన్నపం: ఆ 25,000 ఒకే చెక్కుగా ఒకే బిడ్డకు ఇవ్వకండి.

బహుమతి ఎలా ఉంటే ప్రాజెక్టులూ అలాగే వస్తాయి. ఫెయిర్ రోజున చూసి ఇచ్చే పెద్ద బహుమతికి థర్మోకోల్ పొలాలు, అద్దెకు తెచ్చిన మోడళ్ళు, నాన్న రాసిన చార్టులు వస్తాయి. మొక్క పెరగడానికి నెలలు పడుతుంది కాబట్టి డబ్బు మొదటే కొంత చేరాలి. జూన్‌లో ప్రకటించి, పిల్లల చేత ఒక పేజీ రాయించండి: ప్రశ్న ఏమిటి, దేనితో దేన్ని పోలుస్తారు, ఎన్ని కుండీలు, ఏం కొలుస్తారు. బాగున్న పది జట్లకు జూలైలోనే వెయ్యి చొప్పున ఇవ్వండి. దానితో విత్తనాలు, మన్ను, గ్రాములో నూరో వంతు చూపే చిన్న తూకం వస్తాయి. కుండీలు లేకపోతే పాత నూనె డబ్బాలకు అడుగున నాలుగు చిల్లులు పెట్టుకుంటారు. మిగిలిన 15,000లో మొదటి బహుమతికి 5,000, రెండోదానికి 3,000, ఉత్తమ నోటు పుస్తకానికి 3,000 పెట్టండి. అనుకున్నది రుజువు కాకపోయినా ఉన్నదున్నట్టు చెప్పిన జట్టుకు 2,000. జడ్జీల ప్రయాణానికి, పత్రాలకు 2,000. ఉన్నదున్నట్టు చెప్పినవాళ్ళకిచ్చే ఆ బహుమతి గురించి మీ సంఘంలో వాదన వస్తుంది. పట్టు వదలకండి. అది లేకపోతే పిల్లలు ఓడిన మొక్కను దాచి, గెలిచిన మొక్కను చూపించడం నేర్చుకుంటారు.

సెప్టెంబరులో ఒకసారి ఇద్దరు వెళ్ళి ఒక్కో జట్టు దగ్గర పావుగంట కూర్చోవాలి. కుండీలు, పుస్తకం చూస్తే చాలు. ఈ ఒక్క సందర్శనతో కొనుక్కొచ్చిన ప్రాజెక్టులు వాటంతటవే తప్పుకుంటాయి.

మార్కులు నూటికి: ప్రశ్నకు 20, ప్రయోగం కట్టిన తీరుకు 30, నోటు పుస్తకానికి 20, లెక్కలకు 15, బిడ్డ నోటి జవాబులకు 15. అలంకరణకు సున్నా, ఈ మాట ముందే ప్రకటించండి. పుస్తకం కుట్టినదై ఉండాలి, పేజీలకు అంకెలు వేసి, పెన్నుతో రాసి, తప్పును ఒక గీతతో కొట్టేయాలి. మట్టి మరకలు, దిద్దుబాట్లు ఉన్న పుస్తకమే అసలుది. పక్కరోజు మంచి దస్తూరీతో ఎత్తి రాసినదానికి మార్కులు తగ్గించండి.

జడ్జీలు ముగ్గురు చాలు: ఒక వ్యవసాయ శాస్త్రవేత్త, సగటులూ వ్యత్యాసాలూ తెలిసిన ఒక లెక్కల టీచరు, ఒక రైతు. హెబ్బాళ దగ్గర జీకేవీకే వ్యవసాయ విశ్వవిద్యాలయం, హెసరఘట్టలో ఉద్యాన పరిశోధన సంస్థ ఉన్నాయి, శాస్త్రవేత్త కోసం అక్కడ అడగండి. రైతు కోసం చింతామణి, బాగేపల్లి వైపు చూడండి, తెలుగులోనే పిల్లలను ప్రశ్నిస్తారు. "మందు పోసిన రోజు వాన పడిందా?" లాంటి ప్రశ్న రైతుకే తడుతుంది. జట్లలోని పిల్లలను జీకేవీకే కృషి మేళాకు తీసుకెళితే వాళ్ళు చేసిన చీట్ల పద్ధతిలోనే వేసిన మళ్ళను కళ్ళారా చూస్తారు. మేళా సాధారణంగా నవంబరులో జరుగుతుంది.

ఇన్‌స్పైర్ మానక్‌కు మా అబ్బాయి పేరు నేనే పంపవచ్చా? (ఒక తండ్రి, వైట్‌ఫీల్డ్)

కుదరదు, బడిపిల్లల కొత్త ఆలోచనలకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఈ అవార్డుకు బడి ద్వారానే పంపాలి. ఎంపికైతే విద్యార్థి బ్యాంకు ఖాతాలోకి 10,000 రూపాయలు వస్తాయి, అది నమూనా తయారీకి. అక్కడ అడిగేది కొత్త ఉపాయం కాబట్టి కలుపు తీసే పనిముట్టు, నారు నాటే గొట్టం లాంటివి నప్పుతాయి. కుండీల ప్రయోగానికి జాతీయ బాలల సైన్స్ కాంగ్రెస్ మేలు. 10 నుంచి 17 ఏళ్ళ పిల్లలు తమ ఊరి సమస్య మీద పనిచేసేందుకే అది ఉంది.

మా పాప కుండీల్లో ఎరువు వేసినవాటికీ వేయనివాటికీ పెద్ద తేడా రాలేదు. ఏడుస్తోంది. ఫెయిర్‌కు ఇంకో ప్రాజెక్టు చేయించనా? (ఒక తల్లి, హొరమావు)

వద్దండీ, అదే తీసుకెళ్ళండి. ముందు తేడా లేదన్న మాటను సరిగ్గా చెప్పడం నేర్పండి. ఉదాహరణకు, నీళ్ళ కుండీలు ఎనిమిదింటిలో ముల్లంగి బరువు 42 నుంచి 71 గ్రాముల దాకా ఉండి సగటు 56 వచ్చింది, ఎరువువి 45 నుంచి 75 దాకా ఉండి సగటు 60 వచ్చింది అనుకుందాం. సగటుల మధ్య తేడా 4 గ్రాములు. ఒకే రకం కుండీల మధ్యే 29, 30 గ్రాముల తేడా ఉంది. కాబట్టి "ఎరువు పనిచేయలేదు" అని కాదు, "ఇంత తేడా ఎరువు లేకుండానే రావచ్చు, ఎనిమిది కుండీలతో తేల్చలేను" అని రాయాలి. చార్టులో సగటు కడ్డీలు ఒక్కటే గీయకుండా పదహారు కుండీల బరువులను పదహారు చుక్కలుగా పెట్టించండి, చూసినవారికి విషయం ఇట్టే అర్థమవుతుంది.

ఆ తర్వాత కారణాలు వెతకమనండి. కుండీ మన్నులో ముందే పశువుల ఎరువు దండిగా ఉందా? మోతాదు వైశాల్యం లెక్కన వేశారా, చెంచా లెక్కనా? పచ్చిగా తూచారా, ఆరబెట్టి తూచారా? పొద్దున నీళ్ళు పోసిన కుండీ ముల్లంగి, పోయని దానికంటే బరువు తూగుతుంది. ముక్కలు కోసి, కాగితం కవర్లలో ఎండబెట్టి, వరుసగా రెండు రోజులు ఒకే బరువు చూపాక రాసిన అంకెనే నమ్మాలి. గడ్డలు ఇంకా పారేయకపోతే ఈ పని ఇవాళే మొదలుపెట్టించండి.